కూర్చోని వియ్యంకులు

నారిన్ ఊళ్లో ఆ ఉదయం కదిర్‌కుల్ పెట్టుకున్న పని ఒక్కటే: కూర్చోకుండా రోజు గడపడం. మామూలు రోజైతే అదేమంత కష్టం కాదు. కానీ మధ్యాహ్నానికి వియ్యాలవారు వస్తున్నారు, కూతురు ఐజిరెక్‌కు కమ్మలు పెట్టడానికి. పెళ్లికొడుకు తల్లి తన చేత్తో కమ్మలు పెట్టిందంటే సంబంధం ఖాయమైనట్టే. పెట్టకుండా వెళ్లిపోయిందంటే ఊరంతా చెవులు కొరుక్కుంటుంది.

పాతికేళ్లుగా రాజధాని బిష్కెక్ రోడ్డు మీద వ్యాను తోలిన నడుము ఆయనది. వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కితే, నొప్పి పిర్ర దగ్గర బయల్దేరి బొటనవేలి దాకా పోయేది. పోయిన వారం బిష్కెక్‌లో ఒక డాక్టరు గోరంత కోసి, సన్నటి గొట్టం దూర్చి, ఆ జారిన ముక్కను లాగి పారేశాడు. మెలకువ వచ్చేసరికి కాలినొప్పి మాయం! కదిర్‌కుల్ సంతోషం పట్టలేక ఏడ్చాడు. ఆ డాక్టరుకు ఈలవేస్తూ కట్టు కట్టడం అలవాటు. ఇంటికి పంపుతూ ఈల ఆపి మరీ చెప్పాడు: "నెల్లాళ్లు కూర్చోవద్దు, వంగొద్దు, బరువెత్తొద్దు. నిలబడు, నడువు, పడుకో." కదిర్‌కుల్ తన వ్యానులోనే వెనక సీట్లు తీయించి, బోర్లా పడుకుని ఊరు చేరాడు.

సంగతి బయటికి పొక్కకూడదని భార్య బురుల్చా ఆజ్ఞ. కాబోయే వియ్యంకుడు ఎసెన్‌కుల్ కుస్తీ గురువు. ముప్ఫై ఏళ్లుగా తన వీపు నేలకు తగల్లేదని పిలిచి మరీ చెప్పే మనిషి.

"సంబంధం మాట్లాడేటప్పుడే మన ఏడు తరాల తాతల పేర్లడిగారు. ఇది తెలిస్తే ఆ ఏడుగురి నడుములూ ఎలా ఉండేవని అడుగుతారు" అంది బురుల్చా.

"మరి నేను కూర్చోకపోతే ఏమనుకుంటారే?"

"నువ్వే నిలబడి చాయ్ పొయ్యి. మర్యాద అనుకుంటారు."

"ఇంటి యజమాని చాయ్ పోస్తే మర్యాదా? మతి పోయిందనుకుంటారు."

"మతి పోయిందనుకోనీవయ్యా. నడుము పోయిందనుకోకపోతే చాలు!"

మధ్యాహ్నానికి ముగ్గురు దిగారు: ఎసెన్‌కుల్, ఆయన భార్య సల్కినాయ్, ఆయన పినతండ్రి ఇస్మనాలి. పెద్దాయనను తలుపుకెదురుగా పెద్దల చోట కూర్చోబెట్టారు. నేల మీద పరిచిన విందుబట్ట నిండా రొట్టెలు, వెన్న, ఆప్రికాట్ పాకం. వంటింట్లో పొట్టేలు మాంసం ఉడుకుతోంది. ఎసెన్‌కుల్ గోడ పట్టుకుని, పళ్లు బిగించి, ఒక తొడ మీద ఒరిగి ఎలాగో చతికిలబడ్డాడు. వచ్చీ రాగానే ముఖం అంతలా చిట్లించాడేమిటని కదిర్‌కుల్ కంగారుపడ్డాడు. చేతిలో కెటిల్‌తో అటూ ఇటూ నడవడం మొదలెట్టాడు.

రెండు గిన్నెల చాయ్ అయ్యాక సల్కినాయ్ అడగనే అడిగింది.

"అన్నయ్యగారు కూర్చోరేం?"

కదిర్‌కుల్ నోరు తెరిచేలోగా బురుల్చా అందుకుంది.

"మొక్కుకున్నారు వదినగారూ! పిల్ల చెవికి కమ్మలెక్కేదాకా కూర్చోనని."

ఆ మొక్కు సంగతి కదిర్‌కుల్ కూడా అప్పుడే విన్నాడు.

"ఏమిటీ! ఆడపిల్ల తండ్రి అంత మొక్కు మొక్కితే, మగపిల్లాడి తండ్రిని నేను బాసింపట్టు వేసుకుని రొట్టెలు తింటానా? బావగారూ, నేనూ నిలబడతా!" అంటూ ఎసెన్‌కుల్ గోడ పట్టుకుని లేచాడు. ఆ ముఖంలోకి ఒక్కసారిగా కళ వచ్చింది. ఆయన లేస్తే బాగుండదని సల్కినాయ్ లేచింది. వియ్యపురాలు లేస్తే మరీ బాగుండదని బురుల్చా లేచింది.

ఇస్మనాలి తల ఎత్తి చూశాడు. చుట్టూ నాలుగు జతల మోకాళ్లు. ఆయన ఎనభై ఏళ్ల అనుభవంలో విందు దగ్గర అందరూ లేచారంటే అర్థం ఒకటే: విందు ముగిసింది. ఆయన రెండు అరచేతులూ పైకెత్తి, పిల్లాజెల్లా చల్లగా ఉండాలని దీవించి, తథాస్తు అన్నట్టుగా "ఓమిన్" అని ముఖం తుడుచుకున్నాడు. చిన్నప్పటి నుంచి అలవాటైన చేతులు కదా, మిగతా నలుగురూ కూడా ముఖాలు తుడుచుకున్నారు. దీవెన అయ్యాక ఆ బట్ట మీది ముక్క ముట్టుకోవడం ఎవరితరం?

"మాంసం ఇంకా పొయ్యి మీదే ఉంది..." అంది బురుల్చా నీరసంగా.

"మాంసం పెట్టకుండానే సాగనంపుతున్నారా?" సల్కినాయ్ బురుల్చా వైపు తిరిగింది. "ఇష్టం లేకపోతే ముందే చెప్పొచ్చుగా! ఎప్పుడు పోతారా అన్నట్టు నెత్తిమీద నిలబడటమెందుకు?"

ఆవిడ కమ్మల పెట్టె సంచిలో పెట్టబోయింది. కోపంగా కుక్కేసరికి మూత ఊడింది. ఒక వెండి కమ్మ జారి, దొర్లుకుంటూ పోయి ఇద్దరు తండ్రుల కాళ్ల మధ్య ఆగింది.

"ఎవరూ ముట్టుకోవద్దు! పిల్లనిచ్చే ఇష్టముంటే పిల్ల తండ్రే తీసిస్తారు" అంది సల్కినాయ్.

కదిర్‌కుల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "అదెలాగమ్మా? కమ్మలు పెట్టేది మీరు. బావగారు తీస్తేనే అందం."

"అయ్యయ్యో, ఎంత మాట! మీ ఇల్లు, మీ చెయ్యే ముందు" అన్నాడు ఎసెన్‌కుల్, ఇంటికప్పు దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ.

"బావగారే తియ్యాలి."

"ఛ ఛ, బావగారే!"

ఇస్మనాలి చేతికర్ర నేలకేసి కొట్టాడు. "దున్నపోతుల్లా ఇద్దరున్నారు, పిల్ల కమ్మ కోసం ఒక్కడూ వంగడు! అర్థమైందర్రా. ఎవరికీ ఇష్టం లేదు. పదండి పోదాం."

కదిర్‌కుల్ వంటింటి గుమ్మం వైపు చూశాడు. గరిటె పట్టుకుని నిలబడ్డ ఐజిరెక్ కళ్ల నిండా నీళ్లు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు ఆయన ఏనాడూ చూడలేకపోయాడు. నడుము పోతే పోనీ అనుకున్నాడు. వీపు గుంజలా నిలిపి, కుడిచెయ్యి తొడ మీద ఆనించి, నోటితో గాలి వదులుతూ, ఆసుపత్రిలో నేర్పినట్టు మెల్లగా ఒక మోకాలి మీదికి దిగాడు.

ఎదురుగా ఎసెన్‌కుల్ కూడా దిగాడు. వీపు గుంజలా నిలిపి, కుడిచెయ్యి తొడ మీద ఆనించి, నోటితో గాలి వదులుతూ.

ఇద్దరి చేతులూ కమ్మ మీద కలిశాయి. కళ్లూ కలిశాయి.

"బావగారూ," అన్నాడు కదిర్‌కుల్ గుసగుసగా, "ఈల వేసే డాక్టరా?"

"కట్టు విప్పేటప్పుడైతే మరీ గట్టిగా వేస్తాడు! మీకూనా?"

"పోయిన వారం."

"నాకు మూడు వారాలు. ఇందాక ఇక్కడ కూర్చున్నప్పుడు పట్టపగలే చుక్కలు కనిపించాయి. మీ మొక్కు పుణ్యమాని బతికిపోయాను!"

"మొక్కూ లేదు, పాడూ లేదు బావగారూ!"

ఇద్దరికీ నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే కుట్ల దగ్గర కలుక్కుమంటుందని నవ్వలేక ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. ఆ మాటలు చెవినపడి అవతల సల్కినాయ్ బురుల్చాను కౌగిలించుకుంది. "నడుము విరిగిన కుస్తీ గురువు ఇంటికి పిల్లనెవరిస్తారని దాచాం వదినగారూ!" "మేం మాత్రం తక్కువ తిన్నామా?" అంది బురుల్చా కళ్లు తుడుచుకుంటూ.

ఇస్మనాలికి సంగతంతా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. "ఇన్నాళ్లూ ఏడు తరాలడిగితే చాలనుకున్నా. ఇకమీదట డాక్టరెవరో కూడా అడగాలి" అని, బట్ట ఎత్తి మళ్లీ పరిస్తే అది కొత్త విందేనని తీర్పిచ్చాడు. సల్కినాయ్ ఐజిరెక్ చెవులకు కమ్మలు పెట్టి, రెండు బుగ్గలూ ముద్దాడింది. కదిర్‌కుల్‌కు ప్రాణం లేచొచ్చింది.

మోకాళ్ల మీదికి దిగిన వాళ్లిద్దరికీ మళ్లీ పైకి లేవడం మాత్రం చేతకాలేదు. అక్కడే కంబళి మీద పక్కపక్కనే పడుకుని, మాంసం గిన్నెలు ముందుకు లాక్కుని, ఎవరి కోత చిన్నదో వాదించుకుంటూ పొద్దుగూకేదాకా తృప్తిగా తిన్నారు.

ముప్ఫై ఏళ్లుగా వీపు నేలకు తగల్లేదన్న ఎసెన్‌కుల్ మాట ఆ రోజు కూడా అబద్ధం కాలేదు. ఆయన పడుకున్నది బోర్లా.