నాలుగో శిలాఫలకం

విశాఖపట్నంలో ఇకపై క్రీడల్లో ఆడా మగా తేడా ఉండదని క్రీడల మంత్రిగారు గత నెల ప్రకటించారు. ఎప్పటి నుంచి సార్ అని ఒక విలేకరి అడిగితే, "ఇప్పుడే ప్రకటించాను కదా, ఇప్పటి నుంచే" అన్నారు. ఇంత వేగంగా పనిచేసే నాయకుణ్ణి నేను చూడలేదు.

ఊరికే అనడం లేదు. నా పేరు కరీం బాషా. వన్‌టౌన్‌లో శిలాఫలకాలు చెక్కుతాను. ముప్పై ఏళ్లుగా ఈ నగరంలో అభివృద్ధి అంతా నా ఉలి కిందే మొదలైంది. చాలావరకు అక్కడే పూర్తయింది కూడా.

మంత్రిగారు సమానత్వానికి ఎంచుకున్న చోటు సముద్రం ఒడ్డున, మత్స్యకారుల కాలనీ పక్కన, ఆడపిల్లల హైస్కూలు గ్రౌండు. అక్కడ ఇప్పటికే మూడు శిలాఫలకాలున్నాయి. ఒకటి కబడ్డీ కోర్టుది, ఒకటి ఖోఖోది, ఒకటి ఈతకొలనుది. మూడూ గత మంత్రులవి, మూడూ నేను చెక్కినవే. మధురవాడలో మగపిల్లలకి శిలాఫలకం లేకుండానే ఫ్లడ్‌లైట్లతో గ్రౌండు కట్టేశారు. ఇక్కడ ఆడపిల్లలకి గ్రౌండు లేకుండానే మూడు శిలాఫలకాలు ఇచ్చారు. వాళ్లకొకటి, వీళ్లకొకటి. ఇందులో అన్యాయం ఎక్కడుందో నాకైతే కనపడదు.

ఆ మూడూ ఇప్పుడు ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాయి. దిమ్మెలు కట్టిన కాంట్రాక్టరు జగ్గయ్యగారు సిమెంటు విషయంలో మహా పొదుపరి. రాయిని నిలబెట్టాలని టెండర్లో ఉంటుంది గానీ, అది నిలబడి ఉండాలని ఎక్కడా రాసి ఉండదు.

మంత్రిగారి ఆర్డరు నాకు అందిన గంటకే ఆ స్కూలు పీఈటీ టీచరు చాంద్ సుల్తానాగారు మా కొట్టుకి వచ్చారు. చేతిలో కొలిచే టేపు, వెనక దుర్గ అనే పదో తరగతి పిల్ల. దుర్గ వాళ్లమ్మ పోతమ్మ మా వీధిలోనే చేపలమ్ముతుంది.

"రాయి ఎత్తెంత భాయ్?" అన్నారు టీచరమ్మ.

"మూడడుగులు."

"వెనక్కే పడుతుందిగా?"

"ఇంతవరకూ అన్నీ వెనక్కే పడ్డాయి."

"అక్షరాలు లోతుగా చెక్కండి. వానలో కాలు జారకూడదు."

నాకు అర్థం కాలేదు. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఆవిడ పిల్లలకి నేర్పేది బేస్‌బాల్. బంతిని కొట్టి, బేస్‌లు అనే మూడు మూలలూ చుట్టి, బయల్దేరిన నాలుగో మూలకి తిరిగొచ్చి ముట్టుకుంటే ఒక పరుగు. మూలకీ మూలకీ తొంభై అడుగులు. కిట్టు కోసం ఆవిడ పెట్టిన దరఖాస్తు తొమ్మిదేళ్లుగా పరిశీలనలో ఉంది. అందుకని ఏ మంత్రి వచ్చినా ఆవిడ టేపు పట్టుకుని ముందే వెళ్లి, రాయి ఎక్కడ వేయాలో సలహా ఇస్తూ వచ్చారు. మూడు మూలలు అలా వచ్చాయి. నాలుగోది రావాలి.

నాలుగో మూలలో ఇప్పటిదాకా చేపల పెట్టె థర్మకోల్ మూత పెట్టి ఆడారు. నిరుడు రాష్ట్ర జట్టు సెలెక్టరు వచ్చినప్పుడు గాలికి ఆ మూత సముద్రంలోకి ఎగిరిపోయింది. నాలుగు బేస్‌లూ కదలకుండా ఉన్న గ్రౌండులోనే సెలక్షన్ చేస్తానని ఆయన కారెక్కేశాడు. దుర్గ పది రోజులు బడికి రాలేదు. మళ్లీ వచ్చే ఆదివారం ఆయన వస్తున్నాడు. ఈ ఏడాది దాటితే దుర్గకి వయసు దాటిపోతుంది.

"ఆదివారం లోపల రాయి పడాలి మావా" అంది దుర్గ. ముప్పై ఏళ్లలో నా రాయి పడిపోవాలని కోరుకున్నవాళ్లు చాలామంది. మొహం మీదే చెప్పింది ఈ పిల్లే.

మంగళవారం మంత్రిగారి పీఏ చలమయ్య స్థలం చూడటానికి వచ్చాడు. చెక్కాల్సిన పేర్ల జాబితా నా చేతిలో పెట్టాడు. పైన 'మహిళా క్రీడా సమానత్వ ప్రాంగణం', కింద ఇరవై ఒక్క పేర్లు. ఇరవై ఒక్కరూ మగవాళ్లే.

"కార్పొరేటరు చిట్టమ్మగారి పేరు లేదేం?" అన్నాను.

"ఉన్నాది కదేటి, ఇదిగో, జగ్గయ్య."

"ఆయన ఆవిడ భర్త కదా."

"మరేటి? ఇద్దరూ ఒకటే కాదేటి? సమానత్వమంటే అదే కదా బావ!"

రాయి మాత్రం గేటు కాడే వేయాలన్నాడు. "నోపలికి నడిస్తే సారు బూట్లలోకి ఇసక ఎల్లిపోద్ది."

టీచరమ్మ మొహం పాలిపోయింది. అయినా వదల్లేదు. "సార్, ఈ ఆటలో నాలుగో రాయే అన్నిటికన్నా గొప్పది. ఎవరు ఎక్కడ తిరిగినా చివరికి దాని దగ్గరికే రావాలి."

"మరి ఆ మూడూ?"

"అవి పాత మంత్రులవి. వాటి దగ్గర ఆగిపోతే సున్నా సార్."

చలమయ్య కళ్లు మెరిశాయి. "పిల్లలందరూ సారు రాయినే ముట్టుకుంతారా?"

"పరిగెత్తుకొచ్చి మరీ ముట్టుకుంతాం" అంది దుర్గ.

దేనితో ముట్టుకుంటారో ఆయన అడగలేదు. మేమూ చెప్పలేదు. టేపు చూపించిన చోటే దిమ్మె లేచింది.

గురువారం సభ. బేస్‌బాల్ జట్టు పిల్లలకి పట్టుచీరలు కట్టి, చేతుల్లో పూలపళ్లాలు పెట్టి, గేటు నుంచి వేదిక దాకా రెండు వరసల్లో నిలబెట్టారు. వాళ్లు స్వాగతంలో బిజీగా ఉన్నారు కాబట్టి బేస్‌బాల్ ప్రదర్శనకి మధురవాడ నుంచి మగపిల్లల్ని బస్సులో తెచ్చారు. మంత్రిగారు గంటన్నర మాట్లాడారు. మన ఆడపిల్లలు బేస్‌బాల్‌లో సిక్సర్లు కొట్టే రోజు ఎంతో దూరంలో లేదన్నారు.

అంతలో జగ్గయ్యగారు నా పక్కకి వచ్చి మీసం దువ్వుకున్నారు. "సారు స్వయంగా వత్తన్నారని ఈ పాలి సిమెంటు కలిపించాను బాషా. పదేళ్లయినా కదల్దు."

వెనక నిలబడ్డ దుర్గ అది వినేసింది. ఇటు తిరిగి చూస్తే టీచరమ్మ కళ్లలో నీళ్లు. నిజం చెబుతున్నాను, ఒక కాంట్రాక్టరు సిమెంటు కలిపినందుకు అంత బాధపడతానని నేనెప్పుడూ అనుకోలేదు.

మంత్రిగారు తెర లాగారు. రాయి రాయిలాగే నిలబడింది. చప్పట్లు మోగాయి. ఫొటోగ్రాఫర్లు ముందుకు దూకారు.

"సార్, రాయి మీద చెయ్యి వెయ్యండి సార్!"

మంత్రిగారు చిరునవ్వుతో చెయ్యి వేశారు.

రాయి నెమ్మదిగా, ఎంతో గౌరవంగా, వెనక్కి పడింది.

దుర్గ పళ్లెం కింద పడేసి చప్పట్లు కొట్టింది. మిగతా పిల్లలూ కొట్టారు. కార్యక్రమంలో ఇదీ భాగమేననుకుని సభంతా కొట్టింది. మంత్రిగారు చేతులు జోడించి కారెక్కేశారు.

"లేపండి, లేపండి!" చలమయ్య జగ్గయ్య మీద పడ్డాడు.

"లేపొచ్చు. కొత్త ఎస్టిమేటు ఎయ్యాల, కొత్త టెండరు పిలవాల. మూడు నెల్లు" అన్నారు జగ్గయ్యగారు నిబ్బరంగా.

జనం పోయాక టీచరమ్మ టేపు పరిచారు. మూడో రాయి నుంచి పడిన రాయి దాకా తొంభై అడుగులు. అంగుళం తేడా లేదు.

ఆదివారం సెలెక్టరు వచ్చాడు. నాలుగు రాళ్లనీ బూటుతో తన్ని చూశాడు. కదల్లేదు. తలూపాడు. నేను కొట్టు కట్టేసి మరీ వెళ్లాను. ఆట నాకు సగమే అర్థమైంది. దుర్గ బంతిని సముద్రం వైపు కొట్టింది. కబడ్డీ దాటింది, ఖోఖో దాటింది, ఈతకొలను దాటింది. అటునుంచి బంతి వస్తోంది, అది ముందు చేరితే ఈ పిల్ల అవుటట. ఇంకో రెండు అడుగులు ఉందనగా ఈ పిల్ల చేతులు చాచి ఇసుకలోకి బోర్లా దూకింది. దుమ్ము లేచింది. నేను చెక్కిన అక్షరాల మీద దాని పది వేళ్లూ ఆనాయి.

"సేఫ్!" అని అరిచాడు అంపైరు. నేను కూడా అరిచాను. నా రాయి ఒకటి ఎవరికైనా పనికొచ్చిందని ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి అనుకున్నాను.

సోమవారం పేపర్లో ఆ ఫొటో మొదటి పేజీలో పడింది. కింద ఇలా రాశారు: 'సమానత్వ ప్రదాత శిలాఫలకానికి సాష్టాంగపడి కృతజ్ఞత తెలిపిన మత్స్యకార బాలిక.' దుర్గ రాష్ట్ర జట్టుకి ఎంపికైన వార్త పదకొండో పేజీలో, ఎరువుల ప్రకటన కింద ఉంది.

చలమయ్య ఫోన్ చేశాడు. "సారు ఆ ఫొటో సూసి ఏడిసేశారు బావ. ఆడపిల్లలకి ఇంత తృప్తి కలిగాక ఇంక ప్రాంగణం కట్టడం దేనికన్నారు. లక్ష్యం నెరవేరిపోనాదని ఫైలు మూసీమన్నారు."

సాయంత్రం టీచరమ్మ కొట్టుకి వచ్చారు. ఫైలు సంగతి చెప్పాను. ఆవిడ విననట్టే టేపు బల్ల మీద పెట్టారు.

"మధ్యలో బంతి విసిరే పిల్ల నిలబడే చోట ఏమీ లేదు భాయ్. చిన్న రాయి చాలు" అన్నారు. "ప్రతిపక్ష నాయకుడి ఫోన్ నంబరు మీ దగ్గరుందా?"