తగినంత ఆడపిల్ల

ఎనిమిది వందల మీటర్ల పందెంలో పిడుగు మిగతావాళ్లను చాలా వెనక వదిలేసి గెలవడంతో, ఆమె ఆడపిల్లేనా అన్న ప్రశ్న తలెత్తింది. ప్రశ్న సమంజసమైనదే. గెలవడం నేరం కాదు. కానీ అంత దూరం తేడాతో గెలవడం, గెలిచి ఏడవకపోవడం, పైగా గొంతు కాస్త బొంగురుగా ఉండడం, ఇవన్నీ ఒకేచోట చేరితే పెద్దలన్నవాళ్లు చూస్తూ ఊరుకోలేరు.

పిడుగు అన్నది పేటవాళ్లు పెట్టిన పేరు. తల్లి సిటీ బస్సు కండక్టరు. బడికి ఆలస్యమైన రోజుల్లో తల్లి బస్సు వెంటే పరుగెత్తి ఎక్కేది పిల్ల. కన్నకూతురని బస్సు ఆపించే తల్లి కాదు. ఆ పరుగే ఆమెను స్టేడియం దాకా తెచ్చింది.

ఆ సాయంత్రమే మోకాళ్లను తాకే చేతులున్న యువకుడొకడు బల్లెం విసిరి గెలిచాడు. ఆ చేతులు దైవదత్తమని క్రీడాసంఘం అధ్యక్షుడు మైకులో కొనియాడాడు. పిడుగుకు దైవం ఇచ్చిందేమిటో తేల్చడానికి మాత్రం కమిటీ వేశాడు. దాని పేరు మహిళా క్రీడా పవిత్రతా పరిరక్షణ కమిటీ. సభ్యులందరూ మగవారే కావడంతో నిష్పాక్షికతకు ఏ లోటూ రాలేదు.

విచారణ స్టేడియం మెట్ల కింద గదిలో జరిగింది. కిటికీ తెర విప్పి పరీక్ష చేసే మంచానికి అడ్డం కట్టారు. మంచానికి మర్యాద దక్కింది గానీ కిటికీకి దక్కలేదు.

"అమ్మా, మీ అమ్మాయి మీద మాకు అనుమానమేమీ లేదు," అన్నాడు అధ్యక్షుడు. "లేదని రుజువు చేసుకోవడానికే ఈ పరీక్ష."

డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చిన తల్లి, బస్సు వెనక సీటు దాకా వినపడే గొంతుతో అంది: "కన్నదాన్ని నేనున్నాగా! నన్నడగండి, చెప్తా."

"కన్నతల్లి సాక్ష్యం పక్షపాతం కిందకొస్తుందమ్మా."

"మరి మిమ్మల్నెవరైనా పరీక్ష చేశారా?"

అధ్యక్షుడు సాక్ష్యంగా మీసం సవరించుకున్నాడు. సభ్యులు తృప్తి పడ్డారు.

తెర వెనక పిడుగు నెత్తురిచ్చింది, చెప్పినట్టల్లా తిరిగింది, అడగకూడనివన్నీ అడిగితే జవాబు చెప్పింది. తన ఒంట్లో తనకు తెలియనివాళ్లెవరో అద్దెకుంటున్నట్టు, వాళ్లను వెతకడానికి వీళ్లొచ్చినట్టు అనిపించింది.

ఫలితం పరమ రహస్యం గనక ముందు పత్రికలకు చెప్పారు. మగవాళ్లలో ఎక్కువుండే ఒకానొక హార్మోను ఈమెకు పుట్టుకతోనే కాస్త ఎక్కువట. ప్రజలకు తెలుసుకునే హక్కుంది. పిడుగు కూడా ప్రజల్లో ఒకతే కదా, టీకొట్టులో పేపరు చూసి తెలుసుకుంది.

కమిటీ డాక్టరు మాత్రలు రాశాడు.

"నాకేం రోగం డాక్టరుగారూ?"

"రోగం లేదమ్మా. వేగం ఉంది. దానికే ఇవి."

మింగితేనే పందెంలోకి రానిస్తారు. "మానెయ్యవే తల్లీ," అంది అమ్మ ఆ రాత్రి అన్నం ముందు. "నువ్వేమిటో నాకు తెలీదా?"

"పరుగు మానేస్తే నేనేమిటో నాకే తెలీదమ్మా," అని పిడుగు మాత్ర మింగింది.

వైద్యం బ్రహ్మాండంగా పనిచేసింది. కాళ్లు వాచాయి, తిన్నది నిలవలేదు, మేడమెట్లు ఎక్కితే ఆయాసం. "ఇప్పుడు ముఖంలో కళ వచ్చింది!" అని పక్కింటి పిన్ని మెచ్చుకుంది.

కిందటి పందెంలో రెండో స్థానం వచ్చిన అమ్మాయి ఓ రోజు చూడ్డానికొచ్చింది. "అక్కా, ఫిర్యాదు పెట్టింది మా కోచ్. నేనూ ఊరుకున్నా. నీ వెనక ఎంత పరుగెత్తినా అందుకోలేనని ఏడుపొచ్చేది, అబద్ధం ఎందుకు చెప్పను? కానీ ఇలా చేస్తారనుకోలేదు." గొంతు తగ్గించింది. "ఈసారి నేను గెలిస్తే నన్నూ ఆ గదిలోకి పిలుస్తారా అక్కా?"

పిడుగు లేచి వెళ్లి ఆమెకు మంచినీళ్లిచ్చింది.

మరుసటి ఏడాది పందెంలో పిడుగు మొదటి చుట్టుకే అందరికన్నా వెనకబడింది. కమిటీ సభ్యులు పరస్పరం అభినందించుకున్నారు. చివరి మలుపు తిరిగాక ముందున్న అమ్మాయిల కాళ్లు బరువెక్కాయి. ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వు పో!"

"అమ్మో, నాకెందుకు? నువ్వే పో!"

గీతకు కాస్త ఇవతల అందరూ దాదాపు నిలబడిపోయారు. గ్యాలరీ పులకించింది. ఆడపిల్లలంటే ఇలా ఉండాలి, ఎంత అణకువ!

తల వంచుకుని, పళ్లు బిగించి వస్తున్న పిడుగు ఎవరినీ చూడలేదు. వాళ్ల పక్కనుంచి ఈడ్చుకుంటూ వెళ్లి రిబ్బన్ తెంపి, మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకుంది. కిందటిసారి రెండో స్థానం వచ్చిన అమ్మాయి పరుగున వచ్చి ఆమె తల పట్టుకుంది. తల్లి కంచె దాటబోతే కాపలావాడు అడ్డుకున్నాడు.

కమిటీ అక్కడికక్కడే సమావేశమై మాత్ర మోతాదు పెంచాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

గ్యాలరీలో ఒక పెద్దమనిషి పల్లీలు ఒలుచుకుంటూ, "నేను ముందే చెప్పలేదూ? అది ఆడది కాదు," అన్నాడు.

చుట్టూ ఉన్న మనమంతా తల ఊపాం.