యెహెజ్కేలు ఇంటి దండోరా

1969 జూన్ నెల, బుధవారం ఉదయం తొమ్మిది గంటలకు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర దుకాణాలన్నీ మూతపడ్డాయి. ప్రత్యేక తెలంగాణ కోసం తరచూ బంద్‌లు జరుగుతున్న రోజులే గానీ, ఆ రోజు బంద్‌కు ఎవరూ పిలుపు ఇవ్వలేదు.

దానికి కారణం యెహెజ్కేలు. అతను మలక్‌పేటలో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి. వానలు పడేలోగా గది ఖాళీ చేయమని కిరాయి ఇంటి యజమాని చెప్పేశాడు. బస్టాపు దాటి, ఇప్పుడు ఎల్‌బీ నగర్ అంటున్న వైపు కొంచెం నడిస్తే, రోడ్డు పక్క జొన్నచేలో యెహెజ్కేలు కొనుక్కున్న జాగా ఉంది. పునాది రాళ్లు తోలించాడు. మేస్త్రీ వచ్చి గదులు ఎక్కడెక్కడో సున్నంతో ముగ్గు కూడా పోశాడు. మిగిలింది పంచాయతీ అనుమతి.

చేనులో ఇల్లు లేపాలంటే ఆ పంచాయతీలో ఒక పద్ధతి ఉంది. ముందు డప్పు కొట్టి దండోరా వేయాలి. విన్నామని ఇంటివాళ్లు కాని ఇద్దరు సంతకం పెట్టాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు పొద్దుగూకేలోగా చెప్పాలి. ఎవరైనా చెప్పారంటే కాగితం తహసీల్ కచేరీకి పోతుంది. కచేరీలో ఉద్యోగులు సమ్మెలో ఉన్నారు. అక్కడికి పోయిన కాగితం ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పేవాడు లేడు.

"రేపే కొట్టియ్యాలె యెహెజ్కేలూ. ఎల్లుండి నేను సత్యాగ్రహం జేసి జైలుకు పోతున్న," అని సర్పంచి సీతారాములు ముందురోజే చెప్పాడు.

"మరి ఉపసర్పంచి ఉంటడు గద సాబ్?"

"ఆయన పోయిన వారమే లోపలికి పోయిండు."

అభ్యంతరం చెప్పే మనిషి ఊరు మొత్తంలో ఒక్కడే. ఆ జాగా పక్క ఇంటి భానుమూర్తి. తెనాలి నుంచి వచ్చి నగరంలో గుమాస్తాగిరీ చేస్తున్నాడు. రోజూ యెహెజ్కేలు జాగాకు అడ్డంపడి బస్టాపుకు నడుస్తాడు. "మీరు గోడ కడితే నేను చుట్టూ తిరిగి వెళ్లాలండీ. ఒప్పుకోను," అని మొహం మీదే అన్నాడు. అందుకని యెహెజ్కేలు ఒక ఉపాయం ఆలోచించాడు. భానుమూర్తి బస్సు ఎక్కి పోయాక దండోరా వేయించాలి. పొద్దుగూకాక అతను తిరిగొచ్చేసరికి ముద్ర పడిపోవాలి.

భానుమూర్తి బస్సు కదిలింది. యెహెజ్కేలు సైగ చేశాడు. దండోరా వేసే తీతు బస్టాపు మధ్యలో నిలబడి డప్పు మీద రెండు దెబ్బలు వేశాడు.

ఆ నెలలో దిల్‌సుఖ్‌నగర్‌లో డప్పు వినబడిందంటే వెనక ఊరేగింపు ఉన్నట్టు. ఊరేగింపు వెనక రాళ్లు, రాళ్ల వెనక పోలీసులు. మూడో దెబ్బ పడేలోపు కిరాణా కొట్టు తలుపు వేసుకుంది. అది చూసి హోటలు, హోటలును చూసి మంగలి షాపు. సగం గడ్డం గీయించుకున్న మనిషి తువ్వాలుతోనే రోడ్డెక్కాడు.

"పంచాయతీ వారి దండోరా ఏమనగా..." అని తీతు మొదలుపెట్టి ఆగాడు. "ఎవరికి జెప్పాలె అన్నా? ఎవలు లేరు గద!"

సాక్షి సంతకాలు పారిపోతున్నాయి. యెహెజ్కేలు వాళ్ల వెంట పడ్డాడు. "ఆగున్రి! నేను ఇల్లు గట్టుకుంటున్న! జర ఆగున్రి!" అని అరిచాడు. డప్పుతో తీతు అతని వెనక ఉరికాడు. వెనక మనిషి ఉరుకుతుంటే, ఆ మనిషి వెనక డప్పు మోగుతుంటే ఎవరాగుతారు? జనం ఇంకా జోరుగా ఉరికారు. మలక్‌పేట మలుపు దగ్గర ఈ ఉరుకుడు చూసి డ్రైవరు బస్సును వెనక్కి తిప్పాడు. ఆ బస్సులో భానుమూర్తి ఉన్నాడు.

కాసేపటికి హాస్టళ్ల నుంచి విద్యార్థులు వచ్చారు.

"బంద్ ఎవరిచ్చిన్రు?"

తెలియదని ఒప్పుకోవడం అందరికీ నామోషీ అయింది. "పెద్దోళ్లే ఇచ్చిన్రు," అన్నాడు తువ్వాలు మనిషి. బంద్ ఉందంటే సభ ఉండాలి. సభ ఎక్కడా అని వెతుక్కుంటూ రోడ్డు వెంట పోయినవాళ్లకు చేను పక్క ఖాళీ జాగా, అందులో రాళ్ల గుట్ట, నేల మీద సున్నం గీతలు కనిపించాయి.

"జాగ తయారే ఉన్నది. ఎక్కున్రి!"

యెహెజ్కేలు చేరేసరికి అతని ఇల్లు నిండిపోయింది. వంటగదిలో విద్యార్థులు, పడకగదిలో రైతులు, ముందుగదిలో సైకిళ్లు. అతని భార్య కిష్టమ్మ గీతల వెంట తిరుగుతూ అరుస్తోంది. "పొయ్యి కాడ నిలవడకున్రి! ముగ్గు చెడిపోతున్నది! ఓ పిలగా, గది గోడ, దాని మీద గూసోకు!"

తనకు చెప్పకుండా బంద్ ఎవరిచ్చారని గుర్రుమంటూ సర్పంచి సీతారాములు వచ్చాడు. రేపు జైలుకని సర్దుకున్న సంచి చంకలో ఉంది. ఇంత జనాన్ని చూసేసరికి కోపం పోయింది. రాళ్ల గుట్ట ఎక్కాడు. యెహెజ్కేలు అతని చెవిలో చెప్పాడు.

"సాబ్, దండోరా ఇంక కాలేదు."

"గింతమంది మళ్ల దొరుకుతరా? కొట్టియ్యి!"

తీతు గుట్టెక్కి డప్పు వాయించాడు. జనం జై తెలంగాణ అన్నారు. అతను నోరు తెరిచినప్పుడల్లా వాళ్లు జై అన్నారు. దండోరాలో ఒక్క మాట కూడా ఎవరికీ వినబడలేదు.

వినబడింది ఒక్క భానుమూర్తికే. అతను బస్సు దిగి, అలవాటు కొద్దీ అడ్డదారిన ఇంటికి పోతున్నాడు. తన పేరు, యెహెజ్కేలు ఇల్లు, అడ్డం జెప్పెటోళ్లు అన్న మాటలు చెవిన పడగానే జనాన్ని తోసుకుని రాళ్లెక్కాడు.

"నాకు అభ్యంతరం ఉందండీ! నేనొప్పుకోను!"

జై అనే నోళ్లు మూతపడ్డాయి.

"ఎవడ్రా గాడు? ఒప్పుకోనంటుండు!"

వంటగది కదిలింది. పడకగది లేచింది. ఎవరో రాయి అందుకున్నారు. యెహెజ్కేలు భానుమూర్తి చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, అతనికి ముందు నిలబడ్డాడు.

"ఆగున్రి! గాయన నా ఇల్లు వద్దంటుండు! తెలంగాణ వద్దంటలేడు!"

"నీ ఇల్లేంది? ఏడున్నది?"

"మీరు నిలవడ్డది నా ఇంట్లనే!"

జనం తలలు వంచి గీతల వైపు చూశారు. సైకిలు వాడు సైకిలును కొంచెం పక్కకు జరిపాడు. అప్పుడే పోలీసు వ్యాను వచ్చింది. ఇల్లు క్షణంలో ఖాళీ అయింది. రాళ్ల మీద నలుగురు మిగిలారు. సర్పంచి కావాలని ఆగాడు. తీతుకు డప్పుతో దిగడం కుదరలేదు. భానుమూర్తి చొక్కా ఇంకా యెహెజ్కేలు పిడికిట్లోనే ఉంది.

ఠాణాలో ఎస్సై అడిగాడు. "బంద్‌కు పిలుపిచ్చిందెవరు?"

"నేనే," అన్నాడు సీతారాములు.

"ఎప్పుడిచ్చావు?"

"ఇయ్యలే. రేపిద్దామనుకున్న."

ఎస్సై తీతు వైపు తిరిగాడు. "నువ్వు డప్పు కొట్టి ఏం చెప్పావు? మాట పోకుండా చెప్పు."

తీతు డప్పు మీద రెండు దెబ్బలు వేశాడు. "పంచాయతీ వారి దండోరా! రోడ్డు పక్క భానుమూర్తి సారు ఇంటి దిక్కు జొన్నచేన్ల యెహెజ్కేలు ఇల్లు గట్టుకుంటుండహో! అడ్డం జెప్పెటోళ్లు పొద్దుగూకే లోపల సర్పంచి కాడికి రావాలెనహో!"

దండోరాను మొదటి నుంచి చివరి దాకా ఎవరైనా విన్నది అక్కడే. సీతారాములు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

"అడ్డం జెప్పెటోళ్లు చెప్పున్రి."

అందరూ భానుమూర్తిని చూశారు. అతను చిరిగిన చొక్కా భుజం సరిచేసుకున్నాడు. యెహెజ్కేలు నేల వైపు చూస్తున్నాడు.

"మీరు నేను బస్సెక్కాక కొట్టించారు కదూ?"

"అవు సారూ."

"ఆ రాయి మీకు తగిలుంటే?"

యెహెజ్కేలు జేబులోంచి పంచాయతీ కాగితం తీసి బెంచీ మీద పెట్టాడు.

"ఓ మూడడుగులు దారి వదలండి. నాకే అభ్యంతరమూ లేదు."

"ఇడుస్త సారూ. గోడ ఇవతలికి జరుపుత."

మొదటి సాక్షిగా భానుమూర్తి సంతకం పెట్టాడు. రెండో సాక్షి దొరకలేదు. ఎస్సై హెడ్ కానిస్టేబుల్ వైపు చూశాడు. "నువ్వు విన్నావుగా, పెట్టు," అన్నాడు. సీతారాములు జైలు సంచిలోంచి పంచాయతీ ముద్ర తీసి కాగితం మీద గుద్దాడు.

"ఇక వెళ్లండి," అన్నాడు ఎస్సై.

సీతారాములు లేవలేదు. "నన్నెందుకు ఇడుస్తున్నరు? సంచి గూడ సర్దుకున్న."

"ఇది ఇంటి గొడవ. మీ బంద్ రేపు కదా, రేపు రండి."

గురువారం ఉదయం సీతారాములు బంద్‌కు పిలుపిచ్చి, అదే బస్టాపులో తీతుతో డప్పు కొట్టించాడు. కిరాణా కొట్టు ఆసామి గల్లా ముందు నుంచి లేవలేదు.

"ఇయ్యాల ఎవరిల్లు తీతూ?" అని అడిగాడు.

సాయంత్రం దాకా ఒక్క దుకాణం మూయలేదు.