ముట్టుకోకూడని పెట్టె

ఆరింటికి లేవాలి, ఏడింటికి తయారవాలి, ఎనిమిదింటికి టాక్సీ ఎక్కాలి, పదకొండింటి విమానంలో కెమెరాను ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ఇదీ ఫొటోగ్రాఫరు గారి పథకం. ఇందులో కోపానికంటూ ఆయన విడిగా సమయం కేటాయించలేదు. అందుకని అది ప్రతి పనిలోంచీ కొంచెం కొంచెం తీసుకుంది.

కోపానికి కారణం లేకపోలేదు. ఆయనది పాత పెద్ద కెమెరా. టేకు చట్రం, కొలిమితిత్తిలా సాగే తిత్తి, అరచేయంత కటకం. నాలుగేళ్ల కిందట విమానంవాళ్ల మాట నమ్మి దాన్ని కింద వేసే సామాన్లలో వేశారు. దిగాక పెట్టె కదిపితే లోపల గాజుపెంకులు గలగలమన్నాయి. అలాంటి కటకం మళ్లీ దొరకడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో స్టూడియోకు వచ్చేవాళ్లు తమ ఫోన్లతో తామే సరిపెట్టుకోవడం నేర్చుకున్నారు.

ఇప్పుడు పధ్నాలుగు నెలల తర్వాత ఒక పెద్ద పని వచ్చింది. మూతపడబోతున్న ఒక నూలు మిల్లులో నూట నలభైమందినీ ఒకే ఫొటోలో, ప్రతి మొహమూ పోల్చుకునేలా తీయాలి. ప్రయాణం మర్నాడు ఉదయం తొమ్మిదింటికి. ఆ సాయంత్రమే మిల్లుకు తాళం. ఈ ఫొటో తప్పిపోతే తన స్టూడియోకూ తాళమేనని ఆయనకు తెలుసు, భార్యకూ తెలుసు. పైకి మాత్రం ఇద్దరూ అనుకోలేదు.

అందుకే ఈసారి బావమరిదిచేత చెక్కపెట్టె చేయించారు. అతను వడ్రంగి. లోపల నాలుగు వేళ్ల మందాన స్పాంజి పరిచి, మూతకు ఎనిమిది మరమేకులు పెట్టాడు.

"ఏనుగు కూర్చున్నా ఏం కాదు బావా" అన్నాడు.

"నా కెమెరా మీద ఏనుగెందుకు కూర్చుంటుందిరా" అని బావగారు మండిపడ్డారు.

ప్రయాణం రోజు ఉదయం ఇల్లాలు భర్త చొక్కా ఇస్త్రీ చేద్దామని వెళ్లింది. బల్ల ఉంది, ఇస్త్రీపెట్టె లేదు.

"ఏమండీ, ఇస్త్రీపెట్టె చూశారా?"

"విమానం వెళ్లిపోతుంటే ఇస్త్రీ గోలేమిటి? ముడతల చొక్కాతోనే వెళ్తాను. ఫొటోలో పడేది వాళ్లు, నేను కాదు."

పుస్తకాల అరలో కూడా ఒక ఖాళీ కనబడింది. కాలేజీలో ఫస్టు వచ్చినప్పుడు ఆవిడకు బహుమతిగా ఇచ్చిన నిఘంటువు ఉండాల్సిన చోటది.

"నా డిక్షనరీ కూడా లేదండీ."

"ఇన్నేళ్లకి ఇవాళే గుర్తొచ్చిందా? పో, వెళ్లి పరీక్ష రాసిరా."

ఆ పుస్తకాన్ని ఆవిడ రోజూ మధ్యాహ్నం తెరుస్తుందని ఆయనకు తెలియదు. మధ్యాహ్నాలు ఆయన స్టూడియోలో కూర్చుని, రాని జనం మీద కోప్పడుతూ ఉంటారు.

ఆవిడ స్వెట్టర్ల కోసం బీరువా తెరిచింది. దుప్పట్ల అడుగున ఏదో గట్టిగా తగిలింది. నల్లగుడ్డ తొలగించి చూస్తే కెమెరా. తిత్తి ముడుచుకుని, కటకానికి మూత పెట్టుకుని, నిద్రపోతున్నట్టుంది.

అప్పుడు ఆవిడకు నిన్న సాయంత్రం మెట్ల మీద వినబడిన ధడేల్ ధడేల్ చప్పుడు అర్థమైంది. ఆయన పెట్టెకు పరీక్ష పెట్టారు. కెమెరాను జాగ్రత్తగా బీరువాలో దాచి, దాని బరువుకు సరిపోయేలా ఇస్త్రీపెట్టెనూ నిఘంటువునూ తువ్వాలులో చుట్టి పెట్టెలో వేసి, మూడో మెట్టు మీంచి కింద పడేశారు. మూత తీసి చూడబోతుండగా మిల్లు మేనేజరు ఫోన్ చేశాడు. ఎల్లుండి తొమ్మిదింటికి మీరు లేకపోతే డ్రోనువాళ్లతో తీయించేస్తాం అన్నాడట. ఆయన అరగంట అరిచి, అదే ఊపులో వచ్చి పెట్టె మూత వేసేసి పడుకున్నారు. లోపల ఏముందో కోపంలో మరిచిపోయారు.

ఆవిడ ముందుగదిలోకి పరుగెత్తింది. తమ్ముడు అప్పటికే ఎనిమిదో మరమేకు బిగిస్తున్నాడు.

"మూత తీసి చూశావా?"

"చూడొద్దన్నారక్కా. దుమ్ము పడుతుందట."

ఆవిడ భర్త వైపు తిరిగింది. "ఏమండీ, కెమెరా..."

"ముట్టుకున్నావా?"

"అది కాదు, కెమెరా..."

"ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను, దాని జోలికి రావద్దని. విమానం దిగేదాకా ఆ మాట నీ నోట వినబడకూడదు. వినబడిందంటే నేను మనిషిని కాను."

ఈ హెచ్చరిక నెలకు రెండుసార్లు వినేదే కాబట్టి ఆవిడ భయపడలేదు. కోపం మాత్రం వచ్చింది. అరిచే కోపం కాదు, బట్టలు మడతపెట్టే కోపం. ఫొటోకు నూట నలభైమందిని వరసల్లో నిలబెట్టడానికి తను కావాలి, కెమెరాను ముట్టుకోవడానికి మాత్రం పనికిరాదు. ఆవిడ గదిలోకి వెళ్లి తన గుడ్డసంచిలో అడుగున ఒక స్వెట్టరు పరిచింది, కెమెరాకు శాలువా చుట్టింది, పైన ఇంకో స్వెట్టరు కప్పింది. చెప్పినట్టే నోటివెంట ఒక్క మాట రానివ్వలేదు.

విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయి పెట్టెను తూకం మీద పెట్టించింది.

"చేతిసామాను మనిషికి ఏడు కిలోలండీ. ఇది తొమ్మిదిన్నర ఉంది. కింద వేసేద్దాం."

ఆ 'కింద' అన్న మాటతో నాలుగేళ్ల గాజుపెంకులన్నీ ఒక్కసారి మోగాయి. తిత్తి గురించి, కటకం గురించి, విమానంవాళ్ల మోటుచేతుల గురించి ఆయన ఆపకుండా మాట్లాడారు. వెనక వరస గొణగడం మొదలుపెట్టింది. అమ్మాయి ఓపిగ్గా ఒక దారి చూపించింది.

"ఇద్దరికీ కలిపి పధ్నాలుగు కిలోలు ఉందండీ. మేడంగారి సంచి కింద వేసేస్తే పెట్టె మీరు పైకి తీసుకెళ్లొచ్చు."

"వేసెయ్యండి. స్వెట్టర్లేగా" అని ఆయన సంచి మీద చెయ్యి వేశారు.

ఆవిడ దాన్ని వెనక్కి లాక్కుంది. "ఇది నాతోనే వస్తుంది."

"స్వెట్టర్లు పగిలిపోతాయా?"

"పగులుతాయి."

"నీకేమన్నా మతిపోయిందా?"

"పోతే పోయింది. సంచి మాత్రం పోదు."

కౌంటరు అమ్మాయికి ఇంట్లో సంబంధాలు చూస్తున్నట్టున్నారు, ఇద్దరి వంకా ఎంతో శ్రద్ధగా చూసింది. "మీ ఇంటి గొడవ మీ ఇంట్లో పడండి, మా విమానం పోయేలా ఉంది" అని వరసలోంచి ఎవరో కసిరారు. చివరికి సూపర్‌వైజరు వచ్చి, "రెండూ తీసుకుని ముందు ఇక్కణ్ణించి కదలండి బాబూ" అని పెట్టెకు 'జాగ్రత్త' అని ఎర్ర చీటీ అంటించాడు.

"గట్టిగా అడిగితే గాని పనులు జరగవు. చూశావా?" అన్నారాయన.

"చూశాను" అంది ఆవిడ.

తనిఖీ దగ్గర ఎక్స్‌రే యంత్రంలోంచి ముందు గుడ్డసంచి బయటికొచ్చింది.

"లోపలేముందమ్మా?"

కెమెరా అన్న మాట విమానం దిగేదాకా నిషేధం. "ఫొటోలు తీసేది" అంది ఆవిడ.

అధికారి పై స్వెట్టరు తీసి, శాలువా మడత విప్పి చూసి, మళ్లీ కప్పేశాడు. "బాగా సర్దారమ్మా. వెళ్లండి."

వెనకాల బెల్టు విప్పుతూ బెల్టు మీద కూడా కోప్పడుతున్న భర్తకు ఇదేదీ వినబడలేదు. ఆయన పెట్టె లోపలికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

"ఇందులో ఏముంది సార్?"

"కెమెరా. నలభై ఏళ్ల కిందటిది."

"ప్లగ్గు కనబడుతోంది."

"దానికి ప్లగ్గేమిటి? మీ యంత్రానికి చూపు పోయింది."

"మూత తీయాలి సార్."

మూత తీయడానికి స్క్రూడ్రైవరు కావాలి. ఆయన దగ్గరున్నదాన్ని అప్పుడే లాక్కుని పక్కన పెట్టారు. మరుగుదొడ్డిలో కుళాయి బాగుచేస్తున్న మెకానిక్కును పిలిపించారు. అతను ఒక్కొక్క మరమేకూ తీస్తుంటే ఆయన ఒక్కొక్క హెచ్చరికా చేశారు. చేతులు తుడుచుకోమన్నారు. తిత్తికి వేలు తగలకూడదన్నారు. గట్టిగా ఊపిరి వదలొద్దన్నారు. ఒక్క నలుసు పడినా అందరి మీదా కేసు పెడతానన్నారు. ఆయన విమానానికి ఆఖరి పిలుపు వినబడింది. ఎనిమిదో మరమేకు ఊడింది.

అంత హెచ్చరించాక మరి, అధికారి తువ్వాలును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పైకెత్తి, మెల్లగా విప్పాడు. ఇస్త్రీపెట్టె. దాని కింద నిఘంటువు.

"తిత్తి అన్నారు, ఇదేనా సార్?" అన్నాడు మర్యాదగానే.

ఫొటోగ్రాఫరు గారు బెల్టు చేత్తో పట్టుకుని పక్కనున్న బెంచీ మీద కూర్చుండిపోయారు. ఉదయం నుంచి మొదటిసారి ఆయన దగ్గర కోపం లేదు. మిల్లు ముందు వరసలు కట్టి నిలబడిన నూట నలభైమంది, వాళ్ల నెత్తిన ఎగురుతున్న డ్రోను కళ్లముందు కనబడ్డాయి. అప్పుడు భార్య మొహం చూశారు. అందులో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?"

"పొద్దున ఆరున్నర నుంచి."

"మరి చెప్పవేం?"

"పొద్దుట్నించీ మూడుసార్లు నోరు తెరిచాను. ఒకసారి ముడతల చొక్కా అన్నారు, ఒకసారి పరీక్ష రాయమన్నారు, ఒకసారి మనిషిని కానన్నారు."

"అయితే అది ఇంట్లోనే ఉండిపోయిందా?"

ఆవిడ సంచి కొంచెం తెరిచింది. స్వెట్టరు కింద నల్లగుడ్డ అంచు కనబడింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. ఇక్కడ చంక ఒకరిది, వెతుకులాట ఇంకొకరిది. ఆయన గబుక్కున లేచి చెయ్యి చాపారు.

"ముట్టుకోకండి. సర్దింది నేను."

చెయ్యి గాల్లోనే ఆగింది.

"నేను ముట్టుకోకుండా ఉన్నప్పుడు పగిలింది కదా" అంది ఆవిడ, గొంతు పెంచకుండా. "ఈసారి నేను ముట్టుకుంటే ఏమవుతుందో చూద్దాం. దిగేదాకా నా ఒళ్లోనే ఉంటుంది. మీరు మీ పెట్టె తెచ్చుకోండి."

విమానంలో ఆవిడ సంచిని ఒళ్లో పెట్టుకుని నిఘంటువు చదువుకుంది. ఆయన ఎర్రచీటీ పెట్టెను కాళ్ల మధ్య పెట్టుకుని కిటికీలోంచి మబ్బులు చూశారు.

మర్నాడు తొమ్మిదింటికి నూట నలభైమందినీ ఆవిడ ఐదు వరసల్లో నిలబెట్టింది. వెనక వరసలో ఏడుస్తున్న ముసలి మేస్త్రీని ఎందుకో మధ్యకు మార్చింది. ఆయన నల్లగుడ్డ కింద దూరి ఫొటో తీశారు. ప్రతి మొహమూ పడింది, ప్రతి మొహంలోని కోపమూ పడింది. ఆ నెలలోనే మరో రెండు మిల్లులవాళ్లు కబురు పెట్టారు. మూతపడే మిల్లులకు కొదవ లేదు.

ఆ రోజు అక్కడ మడత నలగని చొక్కా వేసుకున్నది మాత్రం ఫొటోలో లేని ఆయనొక్కరే. బావమరిది చేసిన పెట్టెకు సాటిలేదని ఆయన ఇప్పటికీ వాదిస్తూనే ఉంటారు, ఎవరూ కాదనలేరు: ఇస్త్రీపెట్టె మీద గీత కూడా పడలేదు.