మగదిక్కు లేని తొట్టి

“ఆడపిల్ల పుట్టిన ఇల్లే ఇల్లు! మగపిల్లాడి కోసం మొక్కేవాడు మనిషే కాదు!”

తిరువూరు చేపల రైతుల సంఘం అధ్యక్షులు జగన్నాథరావుగారు మైకు అదిరేలా సెలవిచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం. కొట్టక చస్తానా! నా చేపపిల్లల ప్రాణాలు ఆయనగారి తొట్లలో ఉన్నాయి.

ఆ తొట్లలో సంఘం వాళ్లు రోటిఫర్లను పెంచుతారు. కంటికి ఆనని జీవులు. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన చేపపిల్ల నోటికి పట్టేవి అవే. రోజూ ఒక బకెట్టు తెచ్చి నా చెరువులో పోసుకుంటాను. వాటికేమో నాచు పెరిగిన పచ్చనీళ్లే మేత. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు ఇంతకు మించి తెలియదు. రోటిఫర్ అన్న పేరులోనే రోలుంది, తల దూర్చాను. ఇక రోకటిపోటుకు వెరిస్తే ఎలా?

సభ కాగానే జగన్నాథరావుగారు తొట్ల దగ్గరికి వచ్చి, వాటిని చూసుకునే రుచిత మేడమ్‌ని అడిగారు.

“ఇందులో మగవెన్నమ్మా?”

“ఒక్కటీ లేదు సార్. మంచి నాచు పడిందిగా! మగతోడు లేకుండానే ఆడవి ఆడవాటినే కంటున్నాయి. రోజురోజుకీ రెట్టింపు!”

ఆయన ముఖం పాలిపోయింది.

“మగదిక్కు లేని తొట్లా! నా హయాంలోనా! విస్సన్నపేట సంఘం వాళ్లకి తెలిస్తే నవ్విపోరూ? మగవి పుట్టాలంటే ఏం చెయ్యాలి?”

“ఇరుకై, కష్టమొస్తే పుడతాయి సార్. కానీ...”

ఆ ‘కానీ’ వినే తీరిక అధ్యక్షులకుంటుందా! తొట్లన్నీ ఒకే తొట్టిలోకి వడకట్టించారు. పచ్చనీళ్లు ఆపించారు. నా బకెట్టు గేటు బయటే ఆగిపోయింది.

“అయ్యా, నా చేపపిల్లలు ఆకలికి చస్తాయండీ!”

“వంశం నిలబడాలంటే కొంత ఓర్చుకోవాలోయ్!”

వారం తిరక్కుండానే మైక్రోస్కోపులో మగవి కనిపించాయి! జగన్నాథరావుగారు లడ్డూలు పంచారు. నాకూ ఒకటి పెట్టారు.

“బలంగా ఉన్నారామ్మా మనవాళ్లు?”

“వీటిల్లో మగవాటికి తినడానికి నోరుండదు సార్, పొట్టా ఉండదు. పుడతాయి, జత కడతాయి, పోతాయి. ఆ రోజు చెప్పబోయింది అదే.”

లడ్డూల పళ్లెం పట్టుకున్న ఆయన భార్య హనుమాయమ్మగారు గట్టిగా నిట్టూర్చారు.

“నోరులేని మగాళ్లు! ఆ ఆడవాళ్లు ఎంత పుణ్యం చేసుకున్నారో!”

తెల్లారేసరికి మేత లేక మిగిలిన ఆ ఒక్క తొట్టీ ఊడ్చుకుపోయింది. నా చెరువులో పిల్లలన్నీ వెల్లకిలా తేలాయి. ఏడుస్తూ పరిగెత్తుకెళ్లి చెప్పాను.

అధ్యక్షులవారు కండువాతో కళ్లొత్తుకున్నారు. నా భుజం మీద చెయ్యి వేశారు.

“అయ్యో! ఎంత ఘోరం జరిగిందోయ్! ఇంతకీ... వాటిల్లో మగవెన్ని?”