ఇంటి ముందు రెండు పారిస్ కుర్చీలు

మిషిగన్ రాష్ట్రం, ట్రాయ్ నగరంలో మన ఆదిశేషు గారు ఉండే కాలనీ ఒక చరిత్రాత్మక తీర్మానం చేసింది. ఇంటి ముందు పచ్చిక మీదగాని, గరాజ్ ఎదుటగాని ఎవరూ కుర్చీ వేసుకుని కూర్చోరాదు. తప్పనిసరిగా కూర్చోవలసినవారు ఇంటి వెనుక, ఒకరికొకరు కనిపించకుండా కూర్చోవాలి. వీధిలో మనుషులు కనబడితే ఇళ్ళ ధరలు పడిపోతాయని కమిటీ అధ్యక్షుల వారు సెలవిచ్చారు. చప్పట్లు మోగాయి. ఆ అధ్యక్షులు ఆదిశేషు గారే.

ఆ మరుసటి ఏడాది, 2009లో, ఆయన పెళ్ళికి పాతికేళ్ళు నిండాయి. ఏం కావాలో కోరుకోమని భార్య కామేశ్వరిని అడిగారు. నగ అడుగుతుందని ఆయన గుండె దిటవు చేసుకున్నారు.

"పారిస్‌లో వీధి పక్కనే కుర్చీలు వేస్తారటండీ. అక్కడ కూర్చుని కాఫీ తాగుతూ వచ్చేపోయేవాళ్ళని చూడాలి. అంతే," అంది కామేశ్వరి.

ఆదిశేషు గారు పొంగిపోయి, దేవుడి గదిలో వేంకటేశ్వరస్వామి పటం ముందు మాట ఇచ్చేశారు. తీరా చూస్తే ఆ మాంద్యం ఏడాది కారు కంపెనీల్లో ఆయనలాంటి ఇంజనీర్లు సెలవు అడగడమంటే, తమ కుర్చీ ఇంకొకరికి ఇప్పించమని మనవి చేసుకోవడమే. స్వామికిచ్చిన మాట తప్పరాదు, ఉద్యోగం పోరాదు. ఇటువంటి సమయాల్లోనే భక్తుడికి తెలివి పుడుతుంది. పక్కనే ఉన్న డెట్రాయిట్ నగరాన్ని మొదట కట్టింది ఫ్రెంచివాళ్ళేనని ఆయన లైబ్రరీ పుస్తకంలో చదివి, దానిని కళ్ళకద్దుకున్నారు.

"చూడు కామేశ్వరీ, వాళ్ళంతట వాళ్ళు సముద్రం దాటి మన దగ్గరికి వచ్చి ఊరు కట్టారు. మళ్ళీ మనం వాళ్ళ దగ్గరికి వెళ్ళడం ఏం మర్యాద?"

"పోనీలెండి, జెట్ లాగ్ ఉండదు," అంది కామేశ్వరి.

శనివారం ఉదయం స్నానం, పూజ ముగించుకుని, పులిహోర డబ్బాతో పారిస్ బయలుదేరారు. ఫ్రెంచి పేరున్న ప్రతి వీధి బోర్డు దగ్గరా ఆదిశేషు గారు కారు ఆపి భార్యకు ఫోటో తీశారు. పేర్లు ఫ్రెంచివి, రోడ్డు మీద గుంతలు మాత్రం స్వదేశీ. ఊరు కట్టిన దొర పేరును ఒక కారుకు పెట్టారు. తర్వాత ఆ కార్లు తిరగడానికి ఊరినే పగలగొట్టి రోడ్లు వేశారు. ఇంతటి గౌరవం పారిస్‌లో కూడా ఏ దొరకూ దక్కి ఉండదు.

ఫ్రెంచివాళ్ళు మొదలుపెట్టిన చర్చి ఒకటి కనిపించింది. ఏ దేవుడైనా దేవుడే గనుక, దంపతులు మెట్ల దగ్గర బూట్లు విడిచి, చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టారు. కాపలాదారు కంగారుగా వచ్చి, ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు. పారిస్ కోసం వెతుకుతున్నామని ఆదిశేషు గారు నిజమే చెప్పారు. అతను జాలిపడి ఒక కాఫీ దుకాణానికి దారి చూపించాడు.

దుకాణం బయట నిజంగానే కుర్చీలున్నాయి! ఆదిశేషు గారు ఫ్రెంచి సంస్కృతిని గౌరవించి, గాజు బీరువాలోని ఒక్కో రొట్టెనూ చూపించి "ఎగ్ ఉందా?" అని అడిగారు. అన్నిటిలోనూ ఉంది. లేనిచోట పైన పూశారు. ఆ విధంగా ఫ్రెంచి విందు కాఫీతో, పులిహోరతో ఘనంగా ముగిసింది.

కామేశ్వరి కాఫీ కప్పు పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

"కుర్చీ ఉంది, కాఫీ ఉంది. మనుషులేరండీ?"

"కార్లు వెళ్తున్నాయిగా. వాటిలో ఉంటారు."

"మా తెనాలిలో మా నాన్నగారు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని చేసేది ఇదేనండీ. కాకపోతే ఆయనకి మనుషులు కనబడేవాళ్ళు. దీనికి పారిస్ దాకా ఎందుకు? మన వీధిలో సాయంత్రం బోలెడుమంది వాకింగ్‌కి వస్తారు. గరాజ్ ముందు రెండు కుర్చీలేసుకుంటే చాలు."

అధ్యక్షుల వారి గొంతులో పులిహోర అడ్డుపడింది.

మరుసటి శనివారం సాయంత్రం కామేశ్వరి గరాజ్ ముందు రెండు కుర్చీలు వేసి, ఫిల్టర్ కాఫీ తెచ్చి, "ఏమండీ, పారిస్‌కి రండి" అని పిలిచింది. అటు చూస్తే తీర్మానం, ఇటు చూస్తే స్వామికిచ్చిన మాట. ఆదిశేషు గారు వచ్చి కుర్చీ అంచున, ఏ క్షణమైనా లేవడానికి వీలుగా కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే కమిటీ కార్యదర్శి వీరాంజనేయులు కారు ఆగింది.

"ఏంటన్నా, బయట కూర్చున్నారు? కీస్ లోపల పెట్టి డోర్ లాక్ చేసేశారా?"

కామేశ్వరి నోరు తెరవబోయింది. ఆదిశేషు గారు ముందే అందుకున్నారు.

"అవునయ్యా. లాక్‌స్మిత్‌ని పిలిచాం. లేటవుతుందట."

"అయ్యో! వదినగారికి తోడుగా మా రేణుని పంపిస్తా ఉండండి," అని వీరాంజనేయులు వెళ్ళి, భార్యను, మరో రెండు కుర్చీలను తీసుకొచ్చాడు. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు ఆగి పరామర్శించారు. ఎదురింటి అమెరికన్ ముసలావిడ కేకు తెచ్చింది. అందులోనూ ఎగ్ ఉంది. పొద్దుపోయేదాకా ఎవరూ లేవలేదు. కామేశ్వరి కడుపునిండా మనుషులను చూసింది.

పై వారం వీరాంజనేయులు ఇంటి తాళం లోపల ఉండిపోయింది. ఆపై వారం ఎదురింటి ముసలావిడది. ఇప్పుడు ఆ వీధిలో ప్రతి శనివారం ఎవరో ఒకరు మతిమరుపుతో బాధపడుతున్నారు. కాఫీ మాత్రం ఇంటిలోంచే వస్తోంది. ఎలా వస్తోందని అడిగేటంత మర్యాద లేనివారు ఆ కాలనీలో లేరు.

తర్వాతి సమావేశంలో కామేశ్వరి లేచి, "ఆ రూలే తీసేస్తే పోలా?" అంది.

అధ్యక్షుల వారు ఓటుకు పెట్టారు. రూలు ఉండి తీరాలని చేతులన్నీ లేచాయి. ఆదిశేషు గారి చెయ్యి అందరికన్నా ముందు లేచింది. ఆపైన సభ్యులంతా హడావుడిగా ఇళ్ళకు బయలుదేరారు. అది శనివారం. తాళాలు లోపల మరిచిపోయే వేళ అవుతోంది.