చేప రెండో బుగ్గ

బుధవారం పొద్దున వెంగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడు గంటలకల్లా ఆస్పత్రికి వెళ్లడం, తన పేరు మీద మంగలి డింగ్ చేత పరీక్షకు రక్తం ఇప్పించడం, వీధి చివర ఇద్దరూ వేడి సోయా పాలు తాగి ఎవరి పనికి వాళ్లు పోవడం. అవి చీటీ మీద ఫొటో అడిగే రోజులు కావు. డింగ్‌కు ఇరవై ఏళ్లుగా జలుబైనా చేయలేదు. అతని కత్తెర కింద తల పెట్టిన ప్రతివాడూ ఆ సంగతి వినే లేచాడు.

వెంగ్ సొంత రక్తానికి వచ్చిన చిక్కు పదేళ్లనాటిది. అప్పుడతను చేపల కర్మాగారం క్యాంటీన్‌లో పెద్ద వంటవాడు. ఆ రేవులో పళ్లెంలోని చేపను తిప్పితే సముద్రంలో పడవ తిరగబడుతుందంటారు, చంటిపిల్లలు కూడా తిప్పరు. చేపను కదపకుండా నలభై మందికి వడ్డించగల చెయ్యి అతనిది. ఒక ఏడాది అందరికీ రక్తపరీక్షలు చేస్తే అతనికి హెపటైటిస్ బి ఉందని తేలింది. అంతటి చేతినీ తీసుకుపోయి ఐసు గోదాము గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఇంట్లో భార్య నీలం అంచు గిన్నె ఒకటి, తినే పుల్లల జత ఒకటి అతనికి వేరు చేసింది.

తన పుల్లలతో మంచి ముక్క ఏరి పిల్ల గిన్నెలో వేయడమే అక్కడి తండ్రులకు తెలిసిన ముద్దు. అప్పటికి పన్నెండేళ్ల కూతురు యాచిన్ గిన్నె వైపు అతని చెయ్యి లేచినప్పుడల్లా భార్య ఆ పిల్ల ముంజేతి మీద గిల్లేది. పిల్ల గిన్నె మూసుకోవడం నేర్చుకుంది. భార్య పోయి మూడేళ్లయింది. ఆ గిన్నెను వేరుగా కడిగే పని యాచిన్ తీసుకుంది, తల్లికంటే శుభ్రంగా చేస్తోంది. వెంగ్ ఆ పిల్లను ఒక్కనాడూ తప్పు పట్టలేదు. ఏడుపు దిగమింగుకుంటూ అన్నం తినడం మాత్రం ఒక్కపూటా తప్పలేదు.

ఇప్పుడు యాచిన్‌కు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు తండ్రి గూకు రెండు పడవలున్నాయి. గూ భార్యకున్న రెండు చెవులూ చేపల బజారులోనే ఉంటాయి. క్యాంటీన్ సంగతి అక్కడే ఆవిడ చెవిన పడింది. పెళ్లికూతురి తండ్రి రక్తం కాగితం చూశాకే మీ ఇంట భోజనమని, భోజనమయ్యాకే పెళ్లి మాటలని కబురు పంపింది.

ఆస్పత్రిలో నర్సు వెంగ్ పేరు మూడుసార్లు పిలిచింది. డింగ్ గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. నాలుగోసారి పిలిచేసరికి యాభై ఏళ్ల అలవాటు కొద్దీ వెంగే "ఆఁ, ఇక్కడ" అన్నాడు. నర్సు చూపు మారింది. మా అన్నకు చెవుడమ్మా, అందుకని నేను పలికానంటూ డింగ్‌ను ముందుకు తోశాడు. డింగ్ కూడా స్నేహధర్మంగా చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అన్నకు అనుమానం ఉందంటే తమ్ముడికీ చూడాల్సిందేనంది నర్సు. వెంగ్ లేవబోయాడు. ఆవిడ భుజం పట్టుకుని కూర్చోబెట్టి పేరడిగింది. ఆ క్షణాన అతని నోటికొచ్చిన పేరు లోకంలో ఒక్కటే.

"డింగ్."

"అన్న వెంగ్, తమ్ముడు డింగా?"

"మేనత్త కొడుకునండి."

రెండు సూదులు దిగాయి, రెండు సీసాలు నిండాయి. సీసాల మీద పేర్లు తారుమారుగా పడ్డాయి. సోయా పాలు తాగుతూ ఇద్దరూ ఆ సంగతికి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నారు.

శుక్రవారం కాగితాలు వచ్చాయి. డింగ్ పేరున్న దాంట్లో వైరస్ లేదు, యాంటీబాడీలు దండిగా ఉన్నాయి. దాన్ని డింగ్ కొట్లో అద్దానికి, ధరల పట్టిక పక్కన అంటించాడు. వెంగ్ పేరున్న దాంట్లో వైరస్ ఉంది. దాన్ని గోదాము గేటు దగ్గర కూర్చుని చదివి, తన రాత ఇంతేననుకుని మడిచాడు వెంగ్. మడత మధ్యలో చెయ్యి ఆగింది. ఈ కాగితం మీద పేరే తనది, రక్తం డింగ్‌ది. అద్దం మీద ఉన్నది తన రక్తం. పదేళ్లకు దొరికిన సంతోషం డింగ్ గుర్తొచ్చి సగంలోనే ఆగిపోయింది, గేటు వదిలి అతని కొట్టుకు నడిచాడు.

కొట్లో గిరాకీ లేచి వెళ్లేదాకా అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆ కాగితం నాదిరా."

"పేరు నాదేగా అన్నా."

"పేరు నీది. రక్తం నాది."

డింగ్ కత్తిని తుడుస్తూ ఉండిపోయాడు. తుడవాల్సినదానికంటే చాలాసేపు తుడిచాడు. తర్వాత అద్దం మీది కాగితాన్ని చిరగకుండా గోటితో లేపి వెంగ్ చేతిలో పెట్టాడు.

"తీసుకో. పిల్ల పెళ్లికి పనికొస్తుంది."

వేరే పేరున్న కాగితం పెళ్లికి పనికిరాదని ఇద్దరికీ తెలుసు. వెంగ్ ఆ కుర్చీలోనే కూర్చుని ఏడ్చాడు.

మర్నాడు ఇద్దరూ డాక్టరు దగ్గర నిజం ఒప్పుకున్నారు. ఆయన ఇద్దరినీ కడిగేసి, సొంత పేర్లతో మళ్లీ రక్తం తీయించాడు. ఫలితం మారలేదు. వెంగ్ ఒళ్లు ఆ జబ్బును ఎప్పుడో వెళ్లగొట్టిందని, బహుశా మొదటి ఏడాదిలోనే అయి ఉంటుందని అన్నాడు. పదేళ్లలో మళ్లీ ఒక్కసారైనా ఎందుకు చూపించుకోలేదని కోప్పడ్డాడు. ఒకసారి ఉందన్నారు కదండీ అన్నాడు వెంగ్. డింగ్‌కు ఆరునెలలకోసారి రమ్మని, తలకో కొత్త బ్లేడు వాడమని డాక్టరు చెప్పాడు. గిన్నెల గురించి వెంగ్ భయపడుతూ అడిగాడు.

"గిన్నెల వల్ల ఇది రాదయ్యా. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు."

ఆ మాట ఇంకోసారి చెప్పమని అడిగాడు వెంగ్. డాక్టరు చెప్పాడు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం గూ దంపతులు భోజనానికి వచ్చారు. గూ భార్య కాగితాన్ని వెలుతురుకు పెట్టి రెండువైపులా చూసి సంచీలో దాచుకుంది. డింగ్ కూడా వచ్చాడు. డాక్టరు మాట నమ్మని అతని భార్య కట్టి ఇచ్చిన సొంత గిన్నెతో బల్ల చివర కూర్చున్నాడు. వెంగ్ పదేళ్ల తర్వాత పొయ్యి వెలిగించి, అల్లం వేసి పెద్ద చేపను ఆవిరి మీద ఉడికించాడు. బల్ల మీద పెట్టాక, చేప బుగ్గలో ఉండే వెన్నలాంటి ముక్కను తన పుల్లలతో లేపి కూతురి వైపు చాచాడు.

యాచిన్ ఎడమ చెయ్యి వచ్చి గిన్నెను మూసింది.

యాచిన్ తన చేతిని, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంది. వెంగ్ పుల్లలు గాలిలోనే నిలిచాయి. అప్పుడు బల్ల చివరనుంచి డింగ్ గిన్నె జరుగుతూ వచ్చింది.

"ఇటు పడెయ్యన్నా. చల్లారిపోతోంది."

ముక్క అందులో పడింది. డింగ్ నములుతూ ఉప్పు తగ్గిందన్నాడు. యాచిన్ ఎడమ చేతిని తీసి ఒళ్లో పెట్టుకుంది, కుడి చేత్తో గట్టిగా పట్టుకుంది. గిన్నెను మోచేత్తో తండ్రి ముందుకు నెట్టింది.

"ఇంకో బుగ్గ ఉందిగా నాన్నా."

ఉంది, కాని అడుగున ఉంది. చేపను తిప్పాలి. గూ పడవలు రెండూ ఆ పూట సముద్రం మీదే ఉన్నాయి. వెంగ్ కదలలేదు. గూ భార్య నోరు తెరవబోతే గూ ఆవిడ చెయ్యి నొక్కాడు. పడవ మనిషి అతను, తుఫానులు చూసినవాడు. ఆ పిల్ల కళ్లలోకి ఒకసారి చూసి, కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"నేను రేవు చూస్తున్నాను బావగారూ. మీరు కానివ్వండి."

వెంగ్ చేపను తిప్పాడు.

ఆ రోజు సముద్రంలో ఏ పడవా మునగలేదు.